వాలు దగ్గర దించిన డ్రైవర్

మొయినాబాద్‌లో ఎంతకూ బస్సు రాకపోతే, చేవెళ్లలో పెళ్లికి పోయే మేమందరం దారిన పోతున్న ట్రాక్టర్ ట్రాలీ ఎక్కాం. డ్రైవర్ ఎవరో తెలియదు. వాలు రాగానే బండి ఆపేశాడు.

“దిగుండ్రి. కిందిదాక నడిచి రాండ్రి.”

“అన్నా, ట్రాక్టర్‌కు కాళ్లు గిట్ల నొస్తున్నయా?” అన్నాను. ఆడవాళ్లు నవ్వారు, అతను నవ్వలేదు.

“ట్రాలీకి బ్రేకులుండవు. బరువుంటె వాలుల ట్రాక్టర్‌ను ఎన్కకెల్లి నూకుతది.”

“జర జల్దీ పోనీ అన్నా, ఆడ మటన్ అయిపోతది!”

“మటన్ అయిపోతె మల్ల వండుతరు. మిమ్మల్ని మల్ల యాడికెల్లి తేవాలె?”

చివరి అవ్వ దిగేదాకా బ్రేకు మీది కాలు తీయలేదు. తర్వాత ఫస్ట్ గేరులో ఒక్కడే మెల్లగా దిగాడు.

ఇప్పుడు నేనూ ట్రాలీ తోలుతున్నాను. ఆ వాలు దగ్గర అందరినీ దించుతాను. తిట్టుకుంటూ దిగుతారు. కింద మళ్లీ ఎక్కేటప్పుడు లెక్కపెడితే, తిట్టేవాళ్లలో ఇప్పటిదాకా ఒక్కరూ తగ్గలేదు.