వాపస్ కనకరాజు

కనకరాజు తన జన్మలో ఏ వస్తువునూ ట్రయల్ చూడకుండా కొనలేదు. ట్రయల్ చూసిన వాటిలో నూటికి తొంభై తొమ్మిది వాపస్ ఇచ్చేశాడు. ఆ మిగిలిన ఒక్కటీ ఎందుకు ఉంచుకున్నాడంటే, వాపస్ ఇద్దామని పోయేసరికి దుకాణం ఎత్తేశారు. మహారాష్ట్రలోని చంద్రపూర్ గోల్ బజార్‌లో ఆయన సైకిల్ మలుపు తిరిగితే చాలు, సగం మంది దుకాణదారులకు హఠాత్తుగా భోజనాల వేళ అయ్యేది. ఆయన ఉండే తెలుగువాళ్ల వాడ లాల్‌పేట్‌లో ఉత్త కనకరాజు అంటే ఎవరికీ తెలియదు. వాపస్ కనకరాజు అంటే చిన్నపిల్లలు కూడా ఇంటిదాకా వచ్చి దిగబెడతారు.

ఆయన బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు. బావిలోకి దిగేముందు దీపం, టోపీ, బూట్లు ఒకటికి రెండుసార్లు చూసుకోవడం అక్కడి పద్ధతి. రిటైరైన రోజున అందరూ ఆ పద్ధతిని బావి దగ్గరే వదిలేసి వచ్చారు. ఈయన మాత్రం దాన్ని జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకున్నాడు.

ఒకసారి ఎండాకాలం మొదట్లో కూలర్ తెచ్చాడు. చంద్రపూర్ ఎండలు తిన్నవాళ్లకు కూలర్ విలువ చెప్పనక్కర్లేదు. రెండు నెలలు దాని ముందు కాళ్లు చాపుకుని పడుకుని, తొలకరి పడ్డ మర్నాడు రిక్షాలో వేసుకుని దుకాణానికి బయల్దేరాడు.

“గాలి సల్లగ వస్తలేదు,” అన్నాడు దుకాణదారుతో.

“బయట వాన పడుతుంది కద కాకా! ఇంకెంత సల్లగ రావాలె?”

“గదే నేను చెప్తున్న. బయటి గాలే దీనికన్న సల్లగున్నది. మరి ఇదెందుకు నాకు?”

దుకాణదారు రిక్షాలోంచి కూలర్ దించి లోపల పెట్టుకున్నాడు.

“జిందగీల ట్రయల్ చూడకుంట తెచ్చుకున్నది దీన్నొక్కదాన్నే,” అంటాడు కనకరాజు, భార్య సత్తమ్మను చూపించి. సత్తమ్మ తక్కువదేం కాదు. “మా నాయన ముందే చెప్పిండు, వాపస్ తీసుకోనని. బతికిపోయిండు,” అంటుంది.

ఇలాంటి మనిషి చేతిలో జ్యోతిలక్ష్మి పడింది. ఆమె కనకరాజు అన్న కూతురు. సొంతూరు రాజురా దగ్గరి పల్లె. చదువు కోసం, తను కాకా అని పిలిచే ఈ చిన్నాన్న ఇంటికి వచ్చి, చదువయ్యాక అక్కడే ఉండి, స్కూటీ మీద ఊళ్లు తిరుగుతూ వీడియోలు తీస్తోంది. చేతిలో ఉన్నది ఒక పాత ఫోను. నాలుగు మంచి సామాన్లు కొనుక్కుంటానని తండ్రికి ఫోన్ చేస్తే ఆయన ఒకే ఒక్క మాట అన్నాడు. “ఏది కొన్నా ముందు కాకకు చూపియ్యి బిడ్డా.” ఆ మాటతో ఆమెకు శని పట్టుకుంది.

మొదట ట్రైపాడ్. ఫోను కదలకుండా నిలబెట్టే ఆ మూడుకాళ్ల స్టాండును కనకరాజు గోల్ బజార్‌లో విఠల్ దుకాణం నుంచి తెచ్చాడు. విఠల్ తండ్రి, ఈయన ఒకే బావిలో పనిచేశారు కాబట్టి ట్రయల్ ఇవ్వనని విఠల్ నోటితో అనలేడు. జ్యోతిలక్ష్మి కాలేజీ స్నేహితురాలి ఇంటికి వెళ్లి వచ్చేసరికి ట్రైపాడ్ మీద చీర పరిచి ఉంది, చీర మీద వడియాలు ఉన్నాయి.

“కాకా! ఏంది ఇది?”

“బరువు ఆపుతదా లేదా చూస్తున్న.”

“నేను దానిమీద ఫోన్ పెడత, వడియాలు కాదు!”

“ఫోన్ కన్న వడియాలు బరువుంటయి. వడియాలు ఆపింది ఫోన్ ఆపదా?”

“ఆపింది కద? మరి ఉంచుకుందాం.”

“ఆపింది గని, కాకి వచ్చి వాలంగనే ఊగింది. వాపస్.”

ఆ తర్వాత బ్యాగు. కెమెరా, లెన్సులు విడివిడిగా పెట్టుకోవడానికి లోపల మెత్తటి గదులున్న ఖరీదైన బ్యాగు అది. కనకరాజు దాన్ని భుజాన వేసుకుని కూరగాయల బజారుకు పోయాడు. వంకాయలు ఒక గదిలో, టమాటలు ఒక గదిలో, పచ్చిమిర్చి జిప్పులో పెట్టుకుని చాలా సంతోషంగా తిరిగి వచ్చాడు. చితికిపోయిన టమాట ఒక్కటి లేదు. జ్యోతిలక్ష్మికి ప్రాణం లేచి వచ్చింది, ఇదైనా దక్కుతుందని. కానీ కొత్తిమీర కట్ట నిలువుగా పట్టలేదట. మర్నాడే వాపస్ పోయింది. విఠల్ దాన్ని ఎండలో ఆరబెట్టాడు, అయినా ఆ బ్యాగు చాలాకాలం పచ్చిమిర్చి వాసన కొట్టిందని అంటారు.

పవర్ బ్యాంకు తెస్తే దానికి వాడకట్టులో ఉన్న ఫోన్లన్నీ తగిలించాడు. నడుస్తూ తీసినా ఫోను ఊగకుండా పట్టే గింబల్ తెస్తే, దాన్ని సత్తమ్మ చేతికిచ్చి చాయ్ గ్లాసు దానికి కట్టి నడవమన్నాడు. చాయ్ ఒలకలేదు. కానీ సత్తమ్మ కోపం ఒలికింది, ఆ రోజు ఇంట్లో వంట కాలేదు. జ్యోతిలక్ష్మి పళ్లు కొరుక్కుంది, గోళ్లు కొరుక్కుంది, ఇక కొరుక్కోవడానికి ఏమీ మిగల్లేదు.

ఇంతలో అసలు అవసరం వచ్చి నెత్తిన కూర్చుంది. హైదరాబాద్‌లో ఒక వీడియో ఛానల్ నడిపే మాధవి అనే ఆమె, జ్యోతిలక్ష్మి వీడియోలు చూసి ఫోన్ చేసింది.

“మహారాష్ట్రలో ఉన్న తెలుగువాళ్ల మీద ఒక సిరీస్ చేద్దాం. లాల్‌పేట్, మాజ్రి, రాజురా, కోర్పనా, అన్ని చోట్లా మీరే తిరిగి తీయండి. ఖర్చులు మావి. కానీ నాకు మీ అక్కడి తెలుగు కావాలి, మీ వాళ్ల నోటితోనే కావాలి. వచ్చే ఆదివారంలోపు ఒక శాంపిల్ పంపండి. నచ్చకపోతే వేరేవాళ్లను చూసుకుంటాం, ఏమీ అనుకోవద్దు.”

జ్యోతిలక్ష్మికి కాళ్లు నేలమీద ఆనలేదు. తెలుగుకేం కరువు? పక్కింటి భూదేవి పెద్దమ్మ నోరు తెరిస్తే పొద్దు గూకినా మూయదు. ఫోను పట్టుకుని నేరుగా ఆమె దగ్గరికే పోయింది.

భూదేవి అప్పటిదాకా కోడలి గురించి అచ్చమైన తెలుగులో దంచుతోంది. ఫోను ఎదురుగా లేవగానే ఒక్కసారిగా ఆగిపోయింది. కొంగు నెత్తిమీదికి లాక్కుంది. నిటారుగా కూర్చుంది. కళ్లు గట్టిగా మూసి తెరిచింది, మళ్లీ మూసి తెరిచింది.

“నమస్కార్. మాఝం నావ్ భూదేవి. రాహణార్ లాల్‌పేట్, జిల్హా చంద్రపూర్.”

“పెద్దమ్మా, తెలుగుల మాట్లాడు!”

“హో,” అని సరేనంది భూదేవి, అదీ మరాఠీలోనే, ఇంకోసారి కళ్లార్పి.

తప్పు భూదేవిది కాదు. పెన్షన్‌దారులు బతికే ఉన్నారని ఏటా రుజువు చూపాలి. ఇప్పుడది ఫోను కెమెరాతోనే అయిపోతోంది. ముఖం పెట్టమంటారు, కళ్లార్పమంటారు. లాల్‌పేట్ పెద్దవాళ్ల లెక్కలో కెమెరా అంటే ఆఫీసు, ఆఫీసంటే మరాఠీ. భీమన్న తాత దగ్గరికి పోతే ఆయన కళ్లార్పడంతో ఆగలేదు, లోపలికి పోయి ఆధార్ కార్డు తెచ్చి ఛాతీ దగ్గర పట్టుకున్నాడు. ఎల్లేష్ మామ అయితే వేలిముద్ర ఎక్కడ వెయ్యాలని అడిగాడు.

ఆ సాయంత్రం జ్యోతిలక్ష్మి ఏడుపు మొహంతో ఇంటికి వచ్చింది. “పెద్ద ఫోన్ మొహం మీద పెడితే ఎవలైన బెదురుతరు. కాలర్‌కు పెట్టే చిన్న మైకు కావాలె కాకా. ఫోన్ దూరంగ పెట్టి తీస్త. ఇదొక్కటి ట్రయల్ లేకుంట కొననియ్యి. నీ కాళ్లు మొక్కుత.”

“మైకా?” అన్నాడు కనకరాజు, చొక్కా తొడుక్కుంటూ. “మైకు చూడకుంట కొంటరా ఎవలన్న?”

మైకు వచ్చింది. వచ్చిన మైకు జ్యోతిలక్ష్మి చేతికి రాలేదు. కనకరాజు దాన్నీ, దానికి తగిలించిన తన ఫోన్‌నూ జేబులో వేసుకుని పొద్దున పోయినవాడు పొద్దుగూకి వచ్చాడు.

“ఎట్లున్నది?”

“బాగలేదు.”

మర్నాడు ఇంకో మైకు. అదీ బాగలేదు. ఆ మర్నాడు మళ్లీ మొదటి మైకే తెచ్చాడు, రెండోదాని కన్నా మొదటిదే కొంచెం నయమట. విఠల్ ఫోన్ చేసి జ్యోతిలక్ష్మిని బతిమాలాడు. “అక్కా, మీ కాకను ఏదో ఒకటి ఉంచుకొమ్మని చెప్పు. నా దుకాణంల గిరాకి కన్న ఆయనే ఎక్కువ కనపడుతుండు.”

శనివారానికి ఆమె ఓపిక తెగిపోయింది. కనకరాజు గడప దాటుతుంటే అడ్డం నిలబడింది.

“రేపే ఆఖరు కాకా! మైకు నా చేతిల పెట్టు.”

“జర ఆగు బిడ్డా. భీమన్న తాన ఇంకొక్కసారి చూడాలె.”

“భీమన్న తాత కొంటుండా మైకు? నువ్వు కూలర్ వాపస్ ఇస్తే నవ్విన. బ్యాగుల వంకాయలు తెస్తే నవ్విన. ఇది నా బతుకు కాకా! ఇది పోతే మల్ల రాదు. నీకు ఆట అయింది.”

సత్తమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. “గా మైకు ఇస్తవా, నీ బట్టలు బయట ఏసి నిన్నే వాపస్ పంపియ్యాల్నా?”

కనకరాజు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. జేబులోంచి మైకు తీసి జ్యోతిలక్ష్మి చేతిలో పెట్టాడు. “కొంటే నీ ఇష్టం. నేనైతే బాగలేదనే అంట,” అని సైకిల్ ఎక్కి పోయాడు. ఆయన పోయిన దిక్కు చూస్తూ జ్యోతిలక్ష్మి లోపల్లోపల తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఆదివారం పొద్దున ఆమె భూదేవి ఇంటికి ఆశలేమీ లేకుండానే పోయింది. ఫోను దూరంగా గోడ మీద ఆనించి, మైకు పెట్టడానికి వంగింది. భూదేవి దాన్ని చటుక్కున లాక్కుంది.

“గక్కడ కాదు బిడ్డా. గాజులు తగిలి చప్పుడైతది. గిట్ల మీదికి పెట్టాలె.” మెడ కింద కొంగుకు తనే క్లిప్పు పెట్టుకుని, గొంతు సవరించుకుంది. “ఊ, ఏం చెప్పాలె? కుంపటి కత చెప్పాల్నా?”

జ్యోతిలక్ష్మి తలూపింది. భూదేవి మొదలుపెట్టింది. కొత్త కోడలిగా లాల్‌పేట్ వచ్చిన రోజు, కట్టెల పొయ్యి తప్ప ఎరగని తను బొగ్గు కుంపటిని ఇంట్లోనే ముట్టించి, తలుపులు మూసుకుని విసురుతూ కూర్చుంటే, క్వార్టర్ల వరసంతా పొగ నిండి జనం బకెట్లతో ఉరికి వచ్చిన సంగతి. కొత్త పెండ్లికొడుకు మీద ఎవరో ముందే నీళ్లు గుమ్మరించిన సంగతి. చేతులు తిప్పుతూ, మొగుణ్ణి తిడుతూ, నడుమ నడుమ మరాఠీ మాటలు మామూలుగా కలిపేస్తూ చెప్పుకుపోయింది. కళ్లు మాత్రం ఒక్కసారి కూడా లెక్కపెట్టి ఆర్పలేదు.

“పెద్దమ్మా, మొన్న మరాఠీల మాట్లాడితివి. ఇయ్యాల ఏమైంది?”

“మరాఠీ దీనికి బాగనే పడుతది గద! తెలుగే పడుతలేదు. మీ కాక చెప్పలేదా?”

“ఏం చెప్పిండు?”

“మైకు ఖరాబున్నది, తెలుగు పడుతలేదు, విఠల్ వాపస్ తీసుకుంటలేడన్నడు. రుజువు కావాల్నట. వారం సంది రోజు వస్తుండు పాపం. నన్ను మాట్లాడమనుడు, మల్ల వినిపిచ్చుడు. ‘గీ మాట సాఫ్ పడలేదు భూదేవీ, ఇంకోపారి చెప్పు’ అనుడు. చెప్పి చెప్పి నాకే నవ్వొచ్చింది.” భూదేవి గాజులు వెనక్కి తోసుకుంది. “నేను ఎవల ముందట మాట్లాడక చాన ఏండ్లయింది బిడ్డా. కరీంనగర్‌ల పెండ్లికి పోతే మా చుట్టాలు నా తెలుగుకు నవ్విన్రు. ఇదేం తెలుగు, సగం మరాఠీ అన్నరు. అప్పటిసంది బయట నోరు తెరుస్తలేను. మీ కాక వినిపిస్తె, నా మాట నాకే మంచిగనిపిచ్చింది.” మళ్లీ ఏదో గుర్తొచ్చి ముందుకు వంగింది. “అవుగని, విఠల్ వాపస్ తీసుకున్నడా?”

కాక వారమంతా చూసింది మైకు ట్రయల్ కాదని జ్యోతిలక్ష్మికి అప్పుడు అర్థమైంది. నిన్న అన్న మాటలన్నీ ఒక్కటొక్కటే వచ్చి గుచ్చుకున్నాయి. అక్కడి నుంచి భీమన్న తాత దగ్గరికి పోయింది. ఆధార్ కార్డు జాడ లేదు. ఆయన బావిలో మొదటి రోజు చీకటికి భయపడి ఏడ్చిన సంగతి నవ్వుతూ చెప్పాడు. ఎల్లేష్ మామ అయితే తనే ఎదురొచ్చి, విఠల్ మీద గట్టిగా కంప్లయింటు రాయమనీ, సాక్ష్యానికి తను వస్తాననీ అన్నాడు. వాపస్ కనకరాజు అడిగితే లాల్‌పేట్‌లో అనుమానపడేవాళ్లు ఎవరుంటారు?

శాంపిల్ ఆ సాయంత్రమే పోయింది. మాధవి మర్నాడు ఫోన్ చేసి చాలాసేపు నవ్వింది, కుంపటి కథను రెండుసార్లు చూశానంది. “సిరీస్ మీదే. రాజురా, కోర్పనాలకు తర్వాత పోదురు గానీ, వీడియో చివర్లో భూదేవి గారు చెప్పారే, వీళ్లతో ఇంత హాయిగా మాట్లాడించిన మీ కాక, ముందు ఆయన్ని తీయండి,” అంది.

జ్యోతిలక్ష్మి ఇంట్లోకి వచ్చేసరికి కనకరాజు మంచం మీద కూర్చుని రేడియో విప్పుతున్నాడు. ఆమె పక్కన కూర్చుంది.

“ఎందుకు చెప్పలేదు కాకా?”

“ఏం చెప్పాలె?”

“భూదేవి పెద్దమ్మ అంత చెప్పింది.”

“భూదేవిది నోరా, మూతలేని తట్టా? మైకు నిజంగనే బాగలేదు,” అన్నాడు కనకరాజు మొహం అటు తిప్పుకుని. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

జ్యోతిలక్ష్మి నవ్వింది. ఆ మైకును ఆయన కాలర్‌కు పెట్టింది. ఈ కబురు అప్పటికే వాడకట్టంతా పాకి, భూదేవి, భీమన్న, ఎల్లేష్ వచ్చి వాకిట్లో వరసగా నిలబడ్డారు. సత్తమ్మ గడపలో కూర్చుంది. జ్యోతిలక్ష్మి ఫోను ఎత్తి, కానియ్ అన్నట్టు చెయ్యి ఊపింది.

కనకరాజు లేచి నిలబడ్డాడు. చొక్కా గుండీ పెట్టుకున్నాడు. కళ్లు గట్టిగా మూసి తెరిచాడు, ఇంకోసారి మూసి తెరిచాడు.

“నమస్కార్. మాఝం నావ్ కనకరాజు...”

“తెలుగుల!” అని వాకిలంతా ఒక్క గొంతుతో అరిచింది. భూదేవి చెంగు దోపుకుని వచ్చి ఆయన ఎదురుగా బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.

“కనకరాజూ, గా ఫోన్ దిక్కు చూడకు. నా దిక్కు చూడు. మైకు ఖరాబున్నదా లేదా మనం చూస్తున్నం, గంతే. ఊ, చెప్పు. చిన్నప్పుడు ఏ ఊరు మీది?”

కనకరాజు భూదేవి దిక్కు చూశాడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఆ తర్వాత మెల్లగా, కొంచెం సిగ్గుపడుతూ, తన ఊరి పేరు చెప్పి, ఆ ఊరి సంగతి తెలుగులో మొదలుపెట్టాడు.