నాన్న నేర్చుకున్న జడ

మొన్న ఆదివారం సెలవు కదా, ఇక్కడ గల్ఫ్‌లో, కరామాలో మా గదిలో ఉండే ఆడవాళ్లమంతా ఫోన్‌లో ఓ సినిమా చూశాం. అందులో తల్లి పోయిన చిన్నపిల్ల దువ్వెన పట్టుకుని, ఎవరి దగ్గరికెళ్లాలో తెలీక గుమ్మంలో నిలబడిపోయింది. నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

మా ఈడువాళ్లకి గుర్తుందా, రెండు జడలు మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టుకుని బడికెళ్లేవాళ్లం? నా మూడో తరగతిలో అమ్మ పోయింది. నాన్న కొబ్బరికాయలు ఒలిచే మనిషి. ఆ గరుకు చేతుల్తోనే తలకి నూనె రాసి ఎలాగో జడలల్లేవాడు. బడికెళ్లేసరికి ఊడిపోయేవి. పిల్లలు నవ్వేవారు. నాన్నకి చెప్పేదాన్ని కాదు.

ఓరోజు బడి తొందరగా వదిలేశారు. ఇంటికొస్తే నాన్న మంచం కోడుకి కొబ్బరి పీచు కట్టి, మూడు పాయలు తీసి జడ అల్లుతున్నాడు. నన్ను చూసి సిగ్గుపడిపోయాడు.

"రేపటికి వచ్చేత్తాదే అమ్మలూ. మీ అమ్మ ఎలా వేసేదో కాస్త చెప్పవా?" అన్నాడు.

"గట్టిగా లాగేది నాన్నా. నెప్పెడితే ముద్దెట్టేది" అన్నాను.

నాన్న నన్ను ఒళ్లోకి లాక్కున్నాడు. అమ్మ పోయాక మేమిద్దరం కలిసి ఏడ్చింది అప్పుడే.