కంభం చెరువు కింద మా టెంటు

కొత్తగా పెళ్లయిన ఆ రోజుల్లో నాకు చీరలూ నగలూ అక్కర్లేదు, మధ్యలో ఎవరూ తల దూర్చకుండా మా ఆయనతో ఒక్క పూట మాట్లాడుకుంటే చాలనిపించేది. చిలకలూరిపేటలో మా అత్తగారింట్లో తొమ్మిది మందిమి. పెళ్లయి మూడు నెలలైనా మా ఇద్దరి మాటలూ "ఉప్పు సరిపోయిందా", "మోటారు ఆపావా" దాటలేదు. (రెండోదానికి జవాబు మామగారే చెప్పేవారు.) నేను పనిచేసే స్పిన్నింగు మిల్లులో కాళ్లావేళ్లా పడి ఒక రోజు సెలవు సంపాదించాను. మా ఆయన ఏదో వీడియో చూసి, కంభం చెరువు పక్కన టెంటు వేసుకుని సాయంత్రం దాకా హాయిగా పడుకుందాం, మనిద్దరమే, అన్నాడు. టెంటు ఎక్కడిదంటే, కంభంలో బాబాయి ఉన్నాడుగా, ఫోన్ చేసి చెప్పేశానన్నాడు. అప్పుడే నా కుడికన్ను అదిరింది.

తెల్లారకుండా బయల్దేరి, బండి మీద నడుములు విరగ్గొట్టుకుని చేరాం. చూద్దును కదా, కట్ట కింద ఎర్ర, పసుపు చారల షామియానా! దాని కింద వరసగా యాభై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక నీళ్ల డ్రమ్ము. మా వైపు టెంటంటే టెంటు హౌస్ వాళ్లు వేసేదే, పాపం బాబాయిగారి తప్పేమీ లేదు. ఇద్దరికి యాభై కుర్చీలేంటండీ అనడిగితే, అంతకన్నా తక్కువకి వాళ్లు రారమ్మా అన్నారు. పైగా ఏర్పాట్లలో లోటు రాకూడదని ఆయన కూడా ముందు వరసలో కూర్చున్నారు, కదిలితే ఒట్టు.

నేను వెనక వరసలో మూల కుర్చీలో ముఖం మాడ్చుకుని కూలబడ్డాను. అదే కొంప ముంచింది. టెంటూ, కుర్చీలూ, ఏడుపుముఖంతో ఒక ఆడమనిషీ కనబడితే దారిన పోయేవాళ్లు ఏమనుకుంటారు? ఒక్కొక్కరే బండి ఆపి, వచ్చి మౌనంగా కూర్చోవడం మొదలెట్టారు. పదకొండయ్యేసరికి ఇరవై మంది. ఏమీ జరగలేదండీ అని మా ఆయన మొత్తుకుంటుంటే, ధైర్యంగా ఉండు బాబూ అని భుజం తడుతున్నారు. వచ్చినవాళ్లను ఊరికే పంపడం మర్యాద కాదని బాబాయిగారు టీలు తెప్పించారు.

చివరికి గేదెల్ని తోలుకుపోతున్న ఒక అవ్వ వాటిని వదిలేసి తిన్నగా నా దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుంది.

"ఎవరు పోయారమ్మా?"

నాకు కోపం నషాళానికంటింది. "ఎవరూ పోలేదవ్వా. నా సెలవు పోయింది" అన్నాను.

ఆమెకి ఏం వినబడిందో ఏమో, నన్ను దగ్గరికి తీసుకుంది. "పోనీలే తల్లీ. పోయినోళ్లు మళ్లీ వస్తారా. ఉన్నోణ్ణి జాగర్తగా చూసుకో."

ఉన్నోడి వంక చూశాను. చెమటలు కక్కుతూ, టీ గ్లాసుల పళ్లెంతో కుర్చీల మధ్య తిరుగుతున్నాడు. నా దాకా వచ్చి, దొంగలా తల వంచుకుని, "నీకూ ఒకటివ్వనా?" అన్నాడు. అంతే, నవ్వు ఆపుకోలేకపోయాను. (చావు దగ్గర పడీపడీ నవ్విన కోడలని అక్కడ నన్నింకా తలుచుకుంటుంటారేమో.)

ఇప్పుడు పిల్లలు హాస్టల్లో ఉన్నారు, గుంటూరు ఇంట్లో మేమిద్దరమే. ఆదివారమంతా ఖాళీ. ఆయన ఫోన్లో ఆయన, నా ఫోన్లో నేను. ఆ రోజు అంత ఏడుపు ఏం మాట్లాడాలని ఏడ్చానో, ఎంత తన్నుకున్నా గుర్తుకు రాదు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మాత్రం, "ఏమండీ, బాబాయిగారికి చెప్పి టెంటు వేయించండి" అంటాను. ఆయన ఫోన్ పక్కన పెట్టి, లేచి వెళ్లి టీ పెడతాడు.