ఇసుక తాగిన కడుగు నీళ్ళు

డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌లో మా వంటింటి కిటికీని వాన కొడుతూనే ఉంటుంది. అయినా బియ్యం కడిగేటప్పుడు కుళాయి సన్నగానే తిప్పుతాను. ఆ తెల్లటి కడుగు నీళ్ళ వాసన తగిలితే చాలు, సుభద్ర ఆంటీ గుర్తొస్తారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ వాసనకు నాకు ఇప్పటికీ కాస్త సిగ్గేస్తుంది, అంతకంటే ఎక్కువగా ఆవిడ మీద బెంగ పుడుతుంది.

ఆంటీది ఒంగోలు. లిబియాలో కొన్నేళ్ళు పనిచేసి, ఆ తర్వాత కిల్కెన్నీలో స్థిరపడిన డాక్టరు. నేను డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పూజలో పరిచయమై, మా ఇంటి పెద్ద దిక్కయ్యారు. కంపెనీలు పోటీలు పడి మనుషుల్ని తీసుకుంటున్న రోజులవి. తప్పు ఎవరిదో తేలేలోపే దాన్ని పక్కవాళ్ళ మీదకు నెట్టడం నేను చాలా తొందరగా నేర్చుకున్నాను. అదొక తెలివని మురిసిపోయేదాన్ని కూడా.

ఒక వేసవిలో ఆంటీ, మావారు మురళి, ఎనిమిదేళ్ళ మా నిత్య, నేను కారుతో సహా ఓడెక్కి ఫ్రాన్సులో దిగి, స్పెయిన్ దాటి మొరాకో వెళ్ళాం. ఎడారి అంచున ఒక చిన్న ఊళ్ళో, ఒక పెద్దావిడ ఇంట్లో గది తీసుకుని ఆగాం. పది రోజులుగా రొట్టెలు తిని మొహం మొత్తి ఉంది. డిక్కీలో రైస్ కుక్కరూ, ఆవకాయ సీసా ఉండనే ఉన్నాయి. వరండాలో కనిపించిన నీళ్ళ క్యాను వంచి, అమ్మ నేర్పినట్టే బియ్యం మూడుసార్లు కడిగాను, గిన్నెలూ తొలిచాను. నీళ్ళన్నీ వాకిట్లో పారబోస్తే ఇసుక చిటికెలో తాగేసింది.

భోజనాలకు కూర్చోగానే బయట గోల మొదలైంది. లిబియాలో అరబ్బీ నేర్చిన ఆంటీ విని, నాకు మెల్లగా చెప్పారు. ఆ ఊళ్ళో కుళాయి పొద్దున ఒక్క గంటే వస్తుందట. అవి సాయంత్రం ఈనిన మేక కోసం దాచిన నీళ్ళట. పెద్దావిడ ఖాళీ క్యాను చూపిస్తూ కోడలి మీద అరుస్తోంది. ఆ కోడలు గోడకానుకుని ఏడుస్తోంది.

“అమ్మా, వై ఈజ్ షీ క్రయింగ్?” అంది నిత్య.

“ఏమో, వాళ్ళింటి గొడవ. నువ్వు తిను.”

ఆంటీ కలుపుతున్న చెయ్యి ఆపేశారు. “బియ్యం ఏ నీళ్ళతో కడిగావమ్మాయ్?”

నేను ఆవకాయ సీసా దగ్గరకు లాక్కున్నాను.

“నీ తిట్లు ఆ పిల్ల తింటా ఉంది. నీకు ముద్దెట్లా దిగుతుందే?”

“వాళ్ళకి తెలీదుగా ఆంటీ. రేపు పొద్దున్నే వెళ్ళిపోతాం.”

“వాళ్ళకి తెలీదు. నీ కూతురికి తెలిసిపోయింది, చూడు.”

నిత్య నా మొహంలోకే చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. చెయ్యి కడుక్కోకుండానే లేచాను. ఆంటీ వెంట వచ్చారు గానీ, నాకంటే ముందు నోరు విప్పలేదు. నేను క్యానునీ నన్నూ వేలితో చూపించుకున్నాక, తన పాత అరబ్బీలో నాలుగు ముక్కలు చెప్పారు. పెద్దావిడ అరుపు ఆగింది. కోడలు కళ్ళు తుడుచుకుని, నన్ను ఊరి చివర బావికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు నిండు క్యాను బరువుకి నేను ఒక పక్కకు ఒరిగిపోతుంటే, క్యానుకు రెండో వైపు చెయ్యి వేసింది. ఆ చెయ్యి నేనింకా మరిచిపోలేదు.

మేక తాగాక ఆంటీ నా కంచం ముందుకు జరిపారు.

“ఇప్పుడు తిను.”

అంతే. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. మురళి కూడా నన్నేమీ అడగలేదు. ఆఫీసులో మాత్రం “అది నా పొరపాటే” అనడం నాకు నెమ్మదిగా అలవాటైంది.

నిత్య ఇప్పుడు గాల్వేలో చదువుతోంది. పోయిన వారం ఫోన్ చేసింది. ల్యాబులో పరికరమొకటి పాడైతే, అందరూ ఇంకో అమ్మాయిని అనుమానించారట.

“ఐ టోల్డ్ దెమ్ ఇట్ వాజ్ మీ, అమ్మా,” అంది.

“భోంచేశావా?” అన్నాను.

“నాట్ యెట్.”

“ఇప్పుడు తిను.”

“సుభద్ర అమ్మమ్మ మాట,” అంది తెలుగులో.