కోచ్, క్వార్టర్‌బ్యాక్, ఇద్దరు ఫోర్‌మన్లు

ఆదివారం పొద్దున మా మేనేజర్ సైట్ ఆఫీసులో అడుగుపెట్టే తీరు చూస్తే చాలు, ఆయన చదువుకున్న కాలేజీ జట్టు గెలిచిందో ఓడిందో తెలిసిపోయేది. ఆయనది అమెరికా. అక్కడ శనివారం సాయంత్రం మొదలైన ఆట ఇక్కడ అబూధాబీలో తెల్లవారాక ముగుస్తుంది. గెలిస్తే నాకు కూడా టీ చెప్పేవాడు. ఓడితే హెల్మెట్ తియ్యకుండానే కూర్చునేవాడు.

ఇది 2021 చివరి మాట. మఫ్రఖ్ దగ్గర ఫ్లాట్లు కడుతున్నాం. నేను టైమ్‌కీపర్ని. చదివింది పదో తరగతి. లెక్కలు మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే వంటబట్టాయి. ఏ గ్యాంగ్ రోజుకు ఎన్ని చదరపు మీటర్ల టైల్స్ వేసిందో నేను రాసే పట్టికలంటే ఆయనకు ఇష్టం. ఒక ఆదివారం హెల్మెట్‌తోనే నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“మా కోచ్‌ని తీసెయ్యమని ఊరంతా గోల చేస్తోంది. నువ్వైతే ఏం చేస్తావు?”

“ఆ ఆట నేనెప్పుడూ చూడలేదు సార్.”

“చూడొద్దు. చూసినవాళ్లకే పిచ్చెక్కింది. అంకెలు చూడు.”

అది మనం కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, చేత్తో విసురుతారు. విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. బయట నిలబడి ఏం చెయ్యాలో చెప్పేవాడు కోచ్. జట్టు గెలిస్తే ఆ గెలుపును వీళ్లిద్దరి పేర్ల మీదే రాస్తారు. అవతలివాళ్ల వంతు వచ్చినప్పుడు ఈ క్వార్టర్‌బ్యాక్ బెంచీ మీద కూర్చుని నీళ్లు తాగుతాడట. ఆ కాసేపట్లో జట్టు ఆట పోగొట్టుకున్నా ఓటమి వాడిదేనట. ఇది విని నేను రెండోసారి అడిగాను. అవును, అంతేనన్నాడు.

రెండేళ్ల ఫలితాలు కాగితం మీద పెట్టుకున్నాను. కిందటేడు ఈ కోచ్ దగ్గర ఒక కుర్రాడు బంతి విసిరాడు, జట్టు బాగా గెలిచింది. ఈ ఏడు ఆ కుర్రాడు వేరే కాలేజీకి వెళ్లిపోయాడు. అక్కడ గెలుస్తున్నాడు, ఇక్కడ కోచ్ ఓడుతున్నాడు.

“అంటే గొప్పంతా కుర్రాడిదే!” అన్నాడు మేనేజర్.

నాకూ అలాగే అనిపించింది. కానీ వాడు వెళ్లిన కాలేజీ వాడు రాకముందు కూడా గెలుస్తూనే ఉంది. కోచ్ దగ్గర వాడికి అడ్డుగా నిలబడి కాపాడిన భారీ మనుషులు కూడా చదువు ముగించి వెళ్లిపోయారు. పైగా కిందటేడు గెలిచిన ఆటల్లో కొన్ని మరీ బలహీనమైన జట్ల మీద. ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే చివరికి చేతిలో ఏమీ మిగల్లేదు. మూడు వారాల తర్వాత నాలుగు కాగితాలు ఇచ్చి, “ఎవరి గొప్పో తెలీదు సార్,” అన్నాను.

“తెలీదని చెప్పడానికి నాలుగు కాగితాలా!” అని నవ్వాడు. కాగితాలు మాత్రం మడిచి సొరుగులో పెట్టుకున్నాడు.

ఫిబ్రవరిలో టైల్స్ పని చివరికొచ్చింది. టైల్స్‌కి ఇద్దరు ఫోర్‌మన్లు. ఒకరిది నిజామాబాద్ వైపు, ఒకరిది రాయచోటి. ఒకరిని కొత్త సైట్‌కి పంపుతారు, రెండోవారి వీసా క్యాన్సిల్, ఇంటికే. మేనేజర్ నన్ను పిలిచి, “నా జట్టుకు చేసినట్టే వీళ్లకూ చెయ్యి. నెలాఖరుకు ఒక పేరు కావాలి,” అన్నాడు.

మొత్తం చూస్తే రాయచోటి ఆయన గ్యాంగ్‌దే పైచెయ్యి. కానీ ఆయనకు పడినవి హాళ్లు. పెద్ద టైల్స్, చకచకా సాగుతుంది. నిజామాబాద్ ఆయనకు పడినవి బాత్‌రూములు. అన్నీ చిన్న టైల్స్, మూలమూలకూ కోతలు. అందుకని బాత్‌రూములో ఒక మీటరును హాల్లో రెండు మీటర్లుగా లెక్కేశాను. అప్పుడు నిజామాబాద్ ఆయన ఇసుమంత ముందుకొచ్చాడు. రెండు బదులు ఒకటిన్నర పెడితే మళ్లీ రాయచోటి ఆయనే. ఆ రెండు ఎక్కడి నుంచి వచ్చింది? నా బుర్రలోంచి.

మనుషుల్ని మార్చి చూస్తే తప్ప తేలదనుకున్నాను. రెండు వారాల పాటు ఇద్దరికీ ఒకే రకం పని ఇచ్చి, ఒకరి గ్యాంగ్ మరొకరికి ఇమ్మన్నాను. మేనేజర్ సరేనన్నాడు.

నిజామాబాద్ ఆయన నేరుగా నా దగ్గరికే వచ్చాడు. “ఏందన్నా, నా పోరగాళ్లను తీస్కపోయి ఆయనకిస్తవా? ఆరేండ్ల సంది నేర్పిచ్చుకున్న.”

“పద్నాలుగు రోజులే కదా.”

“పద్నాలుగు రోజుల్ల మనిషి మంచోడో కాదో తేలుతదా? నా పెండ్లాం పద్దెనిమిదేండ్లయినా ఇంక తేల్చలే.”

రాయచోటి ఆయన టీ తాగుతూ విన్నాడు. “యల్లా, కానీ, మార్చప్పా. నాకేం భయం ల్యా. ఒగ మాట చెప్పు. ఇద్దరమూ బాగా చేస్తే నిన్ను ఇంటికి పంపిస్తారా?”

రెండు వారాలయ్యాక చూస్తే రెండు గ్యాంగులూ పెరిగాయి. దాదాపు సమానంగా పెరిగాయి. కొలిచిన తీరులో తప్పుందేమోనని టేపు పట్టుకుని నేనే నాలుగు ఫ్లాట్లు మళ్లీ కొలిచాను. తప్పు లేదు. నిజామాబాద్ ఆయన గ్యాంగ్‌లో అందరికంటే చెయ్యి తిరిగిన మేస్త్రీని పక్కకు పిలిచి, ఎందుకు పెరిగిందని అడిగాను.

“మెల్లగ జేస్తే మేం పనికిరామని మమ్ములనే ఇంటికి పంపుతరు. జోరుగ జేస్తే కొత్తాయనకు పేరొచ్చి మా ఆయన పోతడు. ఏం జెయ్యాల్నో నువ్వే చెప్పు సారూ.”

వాళ్లు భయంతో వేసిన టైల్స్‌ని నేను ఫోర్‌మన్ల గొప్పగా కొలుస్తున్నాను.

నెలాఖరుకు అంకెలన్నీ వేసి, ఈ లెక్కతో ఒకరిని ఎంచలేనని అడుగున రాసి ఇచ్చాను. ఈసారి మేనేజర్ నవ్వలేదు. “పేరు లేకపోతే హెడ్ ఆఫీసువాళ్లు మొదటి కాలమ్ చూసి ఖలాస్ అంటారు,” అన్నాడు. మొదటి కాలమ్ అంటే హాలూ బాత్‌రూమూ కలిపేసిన మొత్తం. పేరు రాయకపోయినా నేను నిజామాబాద్ ఆయన్ని ఇంటికి పంపించినట్టే.

కాగితం వెనక్కి తీసుకున్నాను. ఒక పూటంతా దాని ముందు కూర్చున్నాను. చివరికి మొదటి కాలమ్ తీసేసి, బాత్‌రూములను రెండింతలు చేసిన కాలమ్ ఉంచి ఇచ్చాను. అదే న్యాయమని అప్పుడు అనుకున్నానో, ఏదో ఒకటి తెమిలిపోతే చాలనుకున్నానో, ఇప్పుడు గుర్తు చేసుకుందామన్నా కుదరడం లేదు.

రాయచోటి ఆయన ఆఖరి హాజరు మీద సంతకం పెట్టడానికి నా బల్ల దగ్గరికే వచ్చాడు. పెట్టాడు. పెన్ను ఇవ్వలేదు.

“ఎంత తేడాతో పోయినానప్పా?”

దాచడం బాగుండదనిపించింది. “రోజుకు మూడు టైల్స్.”

“హాలు టైల్సా, బాత్‌రూం టైల్సా?”

నేను పట్టిక తెరిచాను. అందులో ఉన్నవి చదరపు మీటర్లు, అవీ రెండింతలు చేసి కలిపినవి. మూడు అన్న మాట నేను ఏ టైలు లెక్కన చెప్పానో నాకే తెలియలేదు. వేలితో వరుసలు వెతుకుతున్నాను. బయట క్యాంప్ బస్సు హారన్ కొట్టింది.

“ఉండనీలేప్పా,” అని పెన్ను బల్ల మీద పెట్టి వెళ్లాడు.