అక్క పలికిన వంత

1969లో తెలంగాణ కావాలని ఊరూరా ఊరేగింపులు జరుగుతున్నప్పుడు మా బడి మూతపడింది. నేను ఏడో తరగతి. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారు అనుకుంటూ కొన్నాళ్లు గేటు దాకా వెళ్లి తాళం చూసి వచ్చేదాన్ని. తర్వాత వెళ్లడం మానేశాను. నెలలు గడిచి బడి తెరిచేనాటికి నన్ను కన్న మా అవ్వ నా ఒడిలో చాట పెట్టింది. అందులో కత్తిరించిన తునికాకు, గుప్పెడు తంబాకు, దారపు ఉండ ఉన్నాయి.

"ఇంట్ల కూసోని చేసే పని. ఎండకు పోయేది లేదు, వానకు పోయేది లేదు. బీడీలు చుట్టుడు నేర్సుకో" అన్నది.

నేను మళ్లీ బడి మెట్లెక్కలేదు.

మాది చొప్పదండి దగ్గర నేతవాళ్ల వాడ. మగ్గం మీద బతుకు వెళ్లక మా బాపు బొంబాయి పక్కన భివండి పోయి పవర్‌లూమ్‌ల మీద పనిచేసేవాడు. నెలకో కార్డు రాసేవాడు. ఇంట్లో అవ్వా నేనే. అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది, పెళ్లయి అదే వాడలో నాలుగిళ్ల అవతల ఉండేది. పొద్దున్నే వంట ముగించి, చంటిపిల్లవాణ్ని చంకనేసుకుని, చాట పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేది. బీడీలు చుట్టేవాళ్లకు చేతుల నిండా పని ఉంటుంది గాని నోటికి ఉండదు. ఒకరోజు నేను ఊరికే రాగం తీశాను.

"బడి గంట మూగదాయె, పలక మీద దుమ్ము పేరె..."

అక్క తలెత్తకుండానే, "అవునే చెల్లె, అవునే" అన్నది. ఆమె మామూలు మాటగానే అన్నది. అది నా వరుసకు అతికినట్టు సరిపోయింది. నేను ఇంకో చరణం అందుకున్నాను.

"బాపు కార్డు రాకపాయె, బాట జూసి కండ్లు గాసె..."

"అవునే చెల్లె, అవునే."

పొద్దు వాలేసరికి పాట పూర్తయింది. పక్కింటివాళ్లు చాటలు పక్కనబెట్టి విన్నారు. అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని, "గిదంత ఏడికెల్లి అచ్చిందే నీకు?" అన్నది.

ఆ తర్వాత పదిహేనేళ్లకు పైగా నేను పాటలు కడుతూనే ఉన్నాను. పెళ్లిళ్లలో, నాట్లలో, బతుకమ్మ రోజుల్లో పాడాను. బీడీల ఆడవాళ్ల సభలు కరీంనగర్‌లో జరిగితే లారీ మీద నిలబడి పాడాను. నేను ముందు పాడితే, పక్కన నిలబడి అక్క వంత అందించేది. పాట కట్టింది నేనని అందరూ చెప్పుకున్నారు, నేనూ అదే చెప్పాను. నిజానికి ఎన్నోసార్లు నేను చరణం మధ్యలో ఆగిపోతే అక్క దారం తెంపుతూ, "గట్ల గాదు, గిట్ల అను" అని మాట అందించేది. అందించి మరిచిపోయేది. నేనూ మరిచిపోయేదాన్ని.

మధ్యలో నాకు పెళ్లి చేశారు. అతను మంచివాడే గాని నలుగురి ముందు నా నోరు లేవడం అతనికి గిట్టలేదు. "పాటనా, ఇల్లా? ఏదో ఒకటి తేల్చు" అన్నాడు. నేను తేల్చలేదు. అతనే భివండి వెళ్లి అక్కడే ఇంకో ఇల్లు చేసుకున్నాడు, నేను అవ్వ దగ్గరికి వచ్చేశాను. నాకు పిల్లలు లేరు. అవ్వా, బాపూ పోయాక ఆ ఇంట్లో ఒక్కదాన్నే మిగిలాను. బావ కూడా పోయాడు. అప్పటి నుంచి అక్క రెండు పూటలా నాతోనే తినేది.

ఎనభైల నడుమ ఆదిలాబాద్‌లో కొత్తగా రేడియో కేంద్రం పెట్టారు. అక్కడి నుంచి ఒక ఆఫీసరు మా పాట ఎక్కడో విని, రికార్డింగుకు రమ్మని ఉత్తరం రాశాడు. అక్కా నేనూ బస్సులు మారుతూ బయలుదేరాం. నిర్మల్ దాటి ఇచ్చోడ వైపు ఘాటు ఎక్కుతుంటే రెండు పక్కలా అడవి. అక్క కిటికీలోంచి చూస్తూ ఉన్నట్టుండి నా భుజం గిల్లింది.

"ఏమే, గవి తునికి చెట్లేనా?"

వెనక సీటులోని పెద్దమనిషి అవునన్నాడు. పదిహేనేళ్లుగా ఆ ఆకు చుట్టీ చుట్టీ మా వేళ్లు నల్లబడ్డాయి గాని మేమిద్దరం చెట్టును చూడడం అదే మొదలు. "గింత చిన్న చెట్టా!" అని అక్క నవ్వింది. నవ్వుతుంటే దగ్గు వచ్చింది. తంబాకు దుమ్ము వల్ల ఆమెకు అప్పటికే దగ్గు పట్టుకుంది.

ఆ దగ్గే మమ్మల్ని ముంచింది. అద్దాల గదిలో ఎర్ర లైటు వెలిగాక రెండుసార్లు పాట మొదలుపెట్టాం, రెండుసార్లూ వంత దగ్గర అక్కకు దగ్గు తెర వచ్చి పాట ఆగింది. ఆఫీసరు కసురుకోలేదు. మెల్లగా నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"అమ్మా, మీ గొంతు చాలా బాగుంది. ఆమె గొంతు మైకుకు ఆనడం లేదు. వంతకు మా దగ్గర ఇద్దరు గాయనులున్నారు. వాళ్లతో పాడితే మీకేమన్నా ఇబ్బందా?"

అక్క అద్దం దగ్గర నిలబడి మమ్మల్నే చూస్తోంది. ఆమె లేకుంటే పాడనని నేను అనాలి. అంటానని ఆమె అనుకుని ఉంటుంది. నేను, "సరే సార్" అన్నాను. అక్క నా ముఖం చూసి, సద్దిమూట తీసుకుని బయట బల్ల మీద కూర్చుంది.

ఆ గాయనులు చక్కగా పాడారు. తీయటి గొంతులు. "అవునే చెల్లె, అవునే" అని వాళ్లు కాగితం చూసి పాడుతుంటే నాకు చరణం రెండుసార్లు తప్పింది. అయినా పని అయిపోయింది.

తిరుగు బస్సులో అక్క టికెట్లు కొంగున ముడేసుకుంది. "మంచిగ పాడినవ్. బయిటికి గూడ ఇనవడ్డది" అన్నది.

ఆ గదిలోంచి చీమ చిటుక్కుమన్నా బయటికి వినపడదు. తలుపు వేసేటప్పుడు వాళ్లే చెప్పారు. 

పాట వచ్చే రోజు వాడంతా ఒక ఇంటి రేడియో చుట్టూ చేరింది. ముందు నా గొంతు వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత వంత వచ్చింది. పక్కింటావిడ అక్క వైపు తిరిగి, "గది నీ గొంతేనానే? గింత సన్నగ ఎట్లయింది?" అని అడిగింది.

 అక్క తొణక్కుండా, "అవు, నాదే. రేడియోల గట్లనే ఇనవడ్తదట" అన్నది.

ఆ తర్వాత ఆమె మళ్లీ నా పక్కన నిలబడి పాడలేదు. అలిగిందేమీ లేదు. కూర వండితే గిన్నెలో తెచ్చేది, నాకు జ్వరమొస్తే పక్కనే కూర్చునేది. పాటకు పిలిస్తే మాత్రం, "నాకు గొంతు లేస్తలేదే, నువ్వు పోయిరా" అనేది. అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం. నేను రాగం తీస్తే ఆమె దగ్గేది. కొన్నాళ్లకు ఆమె ముందు నేను రాగం తీయడమే మానేశాను.

తొంభైల మొదట్లో ఆమె కొడుక్కి ఆదిలాబాద్ అడవుల్లో జైనూర్ దగ్గర హాస్టల్లో వంటపని దొరికింది. అక్క అతని వెంట వెళ్లిపోయింది. బస్సు ఎక్కేటప్పుడు, "జర పైలంగ ఉండు, యాళ్లకు తిను" అన్నది.

నా పేరు పెరిగిన ఏళ్లు అవే. పెద్దలకు చదువు చెప్పే అక్షరాస్యత సభలకు పిలిచారు, పట్నాలకు పిలిచారు, శాలువాలు కప్పారు. ప్రతి చోటా వంతకు ఎవరో ఒక కొత్త అమ్మాయిని ఇచ్చేవాళ్లు. అందరూ నేర్చినవాళ్లే. సభ అయ్యాక ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లేవారు. నేను శాలువా సంచిలో కుక్కుకుని బస్టాండులో కూర్చునేదాన్ని. ఇంటికొచ్చి తాళం తీస్తే పొద్దున నేను వదిలిన చెంబు వదిలిన చోటే ఉండేది.

ఒక ఎండకాలం ఆదిలాబాద్‌లో సభ ముగిశాక చెప్పకుండా జైనూర్ వెళ్లాను. అక్క ఇంట్లో లేదు, ఆకు కల్లం దగ్గరికి పోయిందన్నారు. అడవి నుంచి తెంపిన తునికాకును కట్టలు కట్టి ఆరబోసే మైదానం అది. వెళ్తుంటే దూరం నుంచే పాట వినిపించింది. ఎవరో పెద్దగా, గరుకుగా, దమ్ము పట్టి పాడుతున్నారు. ఆకు కట్టలు కడుతున్న గోండు ఆడవాళ్లు పదిమంది వంత అందుకుంటున్నారు. ముందు పాడుతున్నది మా అక్క.

ఆ పాట నాది కాదు. నేనెప్పుడూ వినని వరుస. మన మాటల్లో వాళ్ల మాటలు కలిసి ఉన్నాయి. ఆమె నన్ను చూసింది. చూడగానే పాట ఆపేసింది.

"ఎప్పుడచ్చినవే చెల్లె?"

ఇద్దరం చెట్టు కింద కూర్చున్నాం. అడవి గాలికేమో, ఆమెకు దగ్గు తగ్గింది. నేను ఇన్నేళ్లుగా మింగిన మాట అప్పుడు అన్నాను. "అక్కా, ఆనాడు రేడియో కాడ నేను సరే అనకపోయేది ఉండె."

"గదెప్పుడో మరిసిన. నువ్వే మోసుకుంట తిరుగుతున్నవ్" అన్నది.

"అయితే ఇప్పుడు పాడుతున్నవ్ గద, ఆ పాట నాకోసం మళ్లొకసారి పాడు."

అక్క కింద పడ్డ తునికాకొకటి తీసి వేళ్లతో సాపు చేసింది. కోపంగా కాదు, నాకు ఎలా చెప్పాలో వెతుక్కున్నట్టు.

"నువ్వు పక్కకుంటె నాకు వంతే వస్తదే. నువ్వు లేని కాడనే నా పాట వస్తది" అన్నది.

నాకు జొన్నరొట్టె పెట్టింది, దారికి రెండు మూటగట్టి ఇచ్చింది. బస్సు దాకా వచ్చి, కదిలేదాకా నిలబడింది.

ఆ వానాకాలమే ఆమె పోయింది. వాగులు పొంగి, కార్డు ఆలస్యంగా అందింది. నేను చేరేసరికి దినాలు కూడా అయిపోయాయి. కల్లం దగ్గర చూసిన ఆడవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి, మా అక్క పాటలు ఒక్కటైనా చెప్పమని అడిగాను. వాళ్లలో ముసలామె నా చెయ్యి పట్టుకుంది.

"గిప్పుడు రావు బాయి. ఆకు తెంపేటప్పుడు నోట్లకస్తయ్. ఎండకాలం రా, నీకు పాడి ఇనిపిస్తం" అన్నది.

వస్తానని చెప్పాను. మరుసటి ఎండకాలం కరీంనగర్‌లో పెద్ద సభ ఉందని కబురొచ్చింది. నేను అక్కడికే వెళ్లాను.