కాల్షియం పూసిన ఈగలు

ఆ రోజుల్లో మా అనకాపల్లిలో మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ అంటే చిన్న హోదా కాదు. మిట్టమధ్యాహ్నం ఎండలో మెడకు టై బిగించుకుని మోటారుసైకిలు మీద పోతుంటే వీధికుక్కలు కూడా ఒక్క క్షణం ఆలోచించి మరీ మొరిగేవి. (చొక్కా వీపుకు అంటుకుపోయి, డాక్టరు గది బయట దగ్గే పిల్లల మధ్య పడిగాపులు పడే సంగతి వాటికేం తెలుసు!) నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. నేను అమ్మేది కాల్షియం. "పెరిగే పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు, వృద్ధులకు" అంటూ ఎలమంచిలి నుంచి రాంబిల్లి దాకా కనబడ్డ ప్రతి డాక్టరుకూ పాఠం అప్పజెప్పేవాణ్ణి. కాల్షియం గురించి నాకు తెలిసినంత లోకంలో ఇంకెవరికీ తెలియదని గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఒక ఊసరవెల్లి మట్టిలో కలిపేసింది.

రాంబిల్లి దారిలో ఒక జీడితోట పక్కన నలుగురు కర్రలు పట్టుకుని నిలబడి ఉంటే పామేమోనని ఆగాను. తీరా చూస్తే చిటికెన వేలంత ఊసరవెల్లి పిల్ల, రెమ్మను కరుచుకుని వణుకుతోంది. "ముట్టకండి బాబూ! దాని ఊపిరి తగిల్తే ఒల్లంతా ఇసం ఎక్కేత్తాది," అన్నాడు వాళ్ళలో పెద్దాయన. డిగ్రీలో జువాలజీ చదివిన గర్వం నాలో ఒక్కసారిగా పొంగింది. రెమ్మతో సహా తుంచి, శాంపిళ్ళ పెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను.

మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. (మా ఇంట్లో ప్రార్థనలకూ పప్పుచారుకూ ఆవిడదే పెత్తనం.) "బైబిల్లో దేవుడే అపవిత్రం అని సెప్పిన పురుగురా అది! ప్రార్థన సేసుకునే ఇంట్లోకి తెత్తావేటి?" అంది. అమ్మ మాత్రం హాల్లో కిటికీ దగ్గర ఒక మామిడికొమ్మ కట్టి, చుట్టూ పాత దోమతెర వేసింది. సాయంత్రం మా అక్క మొగుడు వచ్చాడు. ఆయన బెల్లం మార్కెట్లో గుమాస్తా. ఆయన చూస్తుండగానే అది ఆకుపచ్చ నుంచి గోధుమరంగుకీ, అక్కణ్ణుంచి మచ్చల్లోకీ మారింది. "అచ్చం మీ మేనేజరే బావా! డాక్టరు ముందొక రంగు, మీ ముందొక రంగు అని నువ్వే కదా సెప్పేవు," అన్నాడు. అంతే, దాని పేరు మేనేజర్ అయిపోయింది.

దాన్ని మేపడం మొదలుపెట్టాక నా అసలు ఉద్యోగం అదే అయింది. మొదట్లో మగ్గిన అరటిపళ్ళ మీద ముసిరే నలుసంత ఈగలు తప్ప దాని నోట పట్టేవి కావు. అందుకని మా ఇంట్లో అరటిపళ్ళు కొనేది కుళ్ళబెట్టడానికే. కాస్త ఎదిగాక ఆ నలుసులు ఏ మూలకీ సరిపోలేదు, పెద్ద ఈగలు కావలసి వచ్చాయి. బెల్లానికి పేరుపడ్డ ఊళ్ళో ఈగలకు కరువేమిటి? బావ రోజూ మూతికి గుడ్డ కట్టిన సీసాలో పట్టుకొచ్చేవాడు. "బెల్లం దిమ్మల మీద దర్జాగా తిన్న ఈగలు బావా. మీవోడికి ఒల్లు పట్టేత్తాది సూడు," అనేవాడు. ఒళ్ళయితే పట్టింది. కానీ వెనకకాళ్ళు వంకర తిరగడం, కొమ్మ మీద పట్టు జారడం మొదలైంది. నా విద్య చూపించే సమయం వచ్చిందని నేను లోలోపల సంతోషించాను.

కంపెనీ శాంపిల్ మాత్రల్ని రోట్లో మెత్తగా నూరి, ఆ పొడితో పాటు ఈగల్ని ఒక పాలిథిన్ కవర్లో వేసి, మూతి బిగించి ఆడించడం నేను స్వయంగా కనిపెట్టిన పద్ధతి. పొడి పట్టిన ఈగ ఎగరలేక నడుస్తుంది, మేనేజర్ నాలుక విసిరి లాక్కుంటుంది. పద్ధతి గొప్పదే, కానీ సగం ఈగలు కవరు విప్పగానే తప్పించుకునేవి. ఒకసారి మా ఇంట్లో ప్రార్థన కూడిక అయ్యాక పాస్టరుగారు టీ తాగుతుంటే, నిలువునా సున్నం కొట్టినట్టున్న ఈగ ఒకటి వచ్చి కప్పు అంచు మీద వాలింది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. "అమ్మా, మీ ఇంట్లో ఈగలు..." అని మొదలుపెట్టి, ఎలా ముగించాలో తెలియక, టీ అలాగే వదిలేసి వెళ్ళిపోయారు. ఆ పూట మామ్మ నాకు అన్నం వడ్డించలేదు. అయితేనేం, మేనేజర్ కాళ్ళు తిన్నగా అయ్యాయి.

ఆ తరువాత మిడతలు. నెట్ సెంటర్‌కి వెళ్ళి చదివితే, పురుగు ఎంత మంచి తిండి తింటే దాన్ని తిన్న ఊసరవెల్లికి అంత బలమని ఉంది. దాంతో అమ్మ కూరకని తెచ్చిన క్యారెట్లు మిడతల పాలయ్యాయి. ఆడదో మగదో గుర్తుపట్టడం ఎలా అనే పేజీ దగ్గరికి రాగానే కరెంటు పోయింది. మళ్ళీ వెళ్దామనుకుని వెళ్ళలేదు. మేనేజర్ అన్నాక మగవాడు కాక ఇంకెవరు?

ఏడాది తిరిగేసరికి అది జానెడు దాటి పెరిగింది. అప్పుడు, వానలు వెనకబట్టిన రోజుల్లో, ఉన్నట్టుండి తిండి మానేసింది. మిడతను ముక్కు ముందు పెట్టినా మొహం తిప్పుకుంది. పొట్ట ఉబ్బింది, ఒంటిమీద రంగు నల్లబడింది. కొమ్మ దిగి దోమతెరలో అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే, గేదె కడుపులో చెయ్యి పెట్టి ఉన్న డాక్టరుగారు తల తిప్పి చూసి, "ఇది అడివి జంతువయ్యా, ఇంట్లో ఉంచుకోకూడదు. బతికితే తీసుకెళ్ళి ఒగ్గేయ్," అన్నారు. ఆ 'బతికితే' అన్న మాట నన్ను తినేసింది. నా చేతులతో పొడులు పోసి నేనే చంపేస్తున్నానా అనిపించింది. నాకు ముద్ద దిగలేదు. టార్గెట్లు గాలికి పోయాయి. నవ్వుకోండి, ఇప్పుడు నేనూ నవ్వుతాను, కానీ అప్పుడు బాత్‌రూములో కుళాయి తిప్పి ఏడ్చాను.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మామ్మ కళ్ళు మూసుకుని, అందరి పేర్లూ అయ్యాక, చివర్లో నన్ను అందుకుంది. "ప్రభువా, ఆడు ముద్ద ముట్టడం మానేసేడు. ఆడంటే నా మనవడు, ఆ పురుగు కాదు. పురుగు తింటే గాని ఈడు తినడు. ఏటి సేత్తావో నీ ఇట్టం," అంది. బావ "ఆమెన్" అంటూ చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు.

మర్నాడు అమ్మ కేకేసింది. మేనేజర్ తెర కిందనుంచి బయటపడి, పెరట్లో కనకాంబరం కుండీలోకి దూరి, ముందుకాళ్ళతో మట్టి తవ్వుతోంది. తన గోతిని తనే తవ్వుకుంటోందనుకున్నాను. తీసుకొచ్చి కొమ్మ మీద పెట్టి, నోరు తెరిచి రెండు చుక్కలు కాల్షియం సిరప్ పోశాను. అది మళ్ళీ కుండీలోకి వెళ్ళింది. నేను మళ్ళీ తెచ్చాను, మళ్ళీ పోశాను. "దాన్నలా ఒగ్గేయరా, సచ్చిపోతే మట్టిలోనే పోతాది," అంది అమ్మ. నేను వినలేదు. తెర అంచులకు ఇటుకలు పేర్చి, టై కట్టుకుని డ్యూటీకి వెళ్ళాను.

ఎలమంచిలిలో కాన్పుల డాక్టరమ్మ ఒకావిడ ఉండేవారు. నా పాఠం మధ్యలోనే ఆపి, "ఏమయ్యా, మొహం అలా వేలాడేశావు?" అన్నారు.

"ఇంట్లో ఒకరికి బాగోలేదు మేడం. తిండి ముట్టడం లేదు. పొట్ట ఉబ్బిపోయింది. ఒక్కచోట నిలవకుండా ఊరికే తిరుగుతోంది."

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు. "నెలలు నిండిన మనిషిని ఇంట్లో వదిలేసి ఇక్కడ కాల్షియం అమ్ముకుంటున్నావా? సిగ్గు లేదూ?"

గర్భిణులకు! పూటకు పదిసార్లు నా నోటితో నేనే చిలకపలుకులు పలికిన మాట. అది తవ్వేది తన గోతిని కాదు, గుడ్లు పెట్టుకునే చోటును. నేను పొద్దున పురిటిగదిలోంచి నిండుచూలాలిని పదేపదే బయటికి ఈడ్చి వచ్చాను.

"మేడం, నాకు పెళ్ళి కాలేదు," అంటూ సంచీ కూడా తీసుకోకుండా లేచాను.

"మరి ఎవరయ్యా కడుపుతో ఉన్నది?"

"మా మేనేజరు మేడం!" అని అరిచి బయటికి పరిగెత్తాను. (ఆ ముక్క విశాఖపట్నం ఆఫీసు దాకా ఎవరు మోశారో తెలియదు. మా అసలు మేనేజరు చాలాకాలం నన్ను చూస్తే పొట్ట లోపలికి పీల్చుకునేవాడు.)

ఇంటికొచ్చి నేనే ఎత్తి కుండీలో పెట్టాను. చీకటిపడే వేళకు మట్టిలో తోక కొస తప్ప ఏమీ కనబడలేదు. తెల్లారి చూస్తే గోతిని చక్కగా పూడ్చేసి, పైన ఎండు పుల్లలా పడి ఉంది. మట్టి కింద తెల్లని గుడ్లు. జత లేకుండా పెరిగింది కనక అవి పిల్లలయ్యేవి కావని నాకు తెలుసు. అమ్మ మాత్రం ఆ కుండీ వైపు ఎవర్నీ వెళ్ళనివ్వలేదు. నేను మిడతకు పొడి పూసి వేళ్ళతో పట్టుకుని దాని ముందు కూర్చున్నాను. చేయి తిమ్మిరెక్కింది. అది చూస్తుంది, చూస్తుంది, కదలదు. ఇక అయిపోయిందనుకుని చేయి దించబోతుంటే, టప్పున నాలుక నా వేళ్ళకు తగిలింది. మిడత లేదు. నేను భోరున ఏడ్చాను. మామ్మ వెనకనుంచి వచ్చి పళ్ళెం నా ఒళ్ళో పెట్టింది. "బాలింత తినేసింది. ఇంక నువ్వు తిను," అంది.

దానికి ఒంట్లో సత్తువ వచ్చాక ఒక ఆదివారం బావా నేనూ జీడితోటకు తీసుకెళ్ళి కొమ్మెక్కించాం. ఊగుతూ ఊగుతూ ఆకుల్లోకి పోతూ ఒక్కసారి ఆగింది. ఒక కన్ను ముందుకే ఉంది, రెండోది మాత్రం గిర్రున తిరిగి నా మీద నిలిచింది. వెళ్ళలేక వెళ్తోందనుకుని, దారంతా బావ వీపు వెనక ముక్కు ఎగబీలుస్తూ వచ్చాను. ఆనాటి నన్ను, ఆ టై కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అది చూసింది నన్ను కాదనీ, నా భుజం మీద ఏ ఈగో వాలి ఉంటుందనీ ఇన్నేళ్ళకు తోస్తోంది. అయినా ఆ మాట ఆ కుర్రాడితో చెప్పడానికి నాకు నోరు రాదు.